మెదడులో వార్తల రాకపోకలు

(సంఘ మాసిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై సాధారణముగా కావ్యచర్చలును పురాణ ప్రసంగములును జరుగుచుండును. ఈ మారు శాస్త్ర విషయమేదైన చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను చరిత్రయు తెలుగును చదివి బి.ఏ. పట్టము పుచ్చుకొన్నవాడననియు, ఇరువది యేండ్లుగా ఫైళ్లు తప్ప మరియొకటి ఎరుగననియు విన్నవించుకొంటిని. "అందుచేతనే మీరు చెప్పుడు, మాకును తెలియును" అని వారు సెలవిచ్చిరి. ఆ ధైర్యముతోనే మీ యెదుట నిలిచితిని. పండితులు లోపములను సైరింతురుగాక.

నేను చెప్పదలచినది మెదడును గూర్చి. అందులోను ఒక్క ప్రశ్నను గూర్చి మాత్రమే. మెదడునందలి ఒక భాగమునుండి మరియొక భాగమునకు వార్త పోవుచున్నదని మనకెట్లు తెలియును? ఎంత పోయినదో కొలుచుట యెట్లు? ఈ ప్రశ్న నాకు గ్రంథములవలన రాలేదు, మా యింటివలన వచ్చినది.

మా పెదతండ్రిగారు మా యూరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగ నుండి విశ్రాంతి తీసుకొనిరి. కొన్ని యేండ్ల క్రిందట ఒకనాటి వేకువను వారి మెదడునకు రక్తము గొనిపోవు నాళమొకటి మూసుకొనిపోయినది. కాలుసేతులు చెడలేదు. మాట కూడ పూర్తిగా పడిపోలేదు. తమంతట తాము ధారాళముగనే మాటలాడుచుండిరి, నడుమ నడుమ అక్షరములు మాత్రము తారుమారగుచుండెను. కాని ఎవరైన ఒక మాట చెప్పి "ఇది మరల పలుకుడు" అన్నచో వారిచేత కాకపోయెను. కొన్నాళ్లకు మా తాతగారి తద్దినము వచ్చినది. పురోహితుడు సంకల్పము చెప్పుచు, తనవెంట పలుకుమనెను. వారు ప్రయత్నించిరి. ఒక అక్షరమునకు బదులు మరియొకటి వచ్చెను. తల యూపి మరల ప్రయత్నించిరి. మరల తప్పినది. జీవితమంతయు పద్యములు పలికిన నోటికి సొంత గోత్రము పలుకుట రాకపోయినది. లోపలి గదిలో మా యాడువారు కంటనీరు పెట్టుకొనిరి. "మతి పోయినది" అని బంధువులు గుసగుసలాడిరి. ఆ గుసగుస వారికి వినబడినది, అర్థమైనది కూడ. ఆ సంగతి నాకు వారి మొగము చూచినప్పుడే తెలిసినది.

ఇంతలో పురోహితుడు కొత్త సంవత్సరము పేరు చెప్పవలసినచోట పాత పేరు చెప్పెను. ఉగాది గడచి పది దినములే యైనందున పొరపడెను. మేమెవ్వరమును గమనింపలేదు. మా పెదతండ్రిగారు చేయి యెత్తి ఆపి, గోడకున్న పంచాంగమువైపు వ్రేలు చూపిరి. మతి పోయినవారు చేయు పని గాదది.

తరువాత వైద్యుడొకరు నాకు వివరించిరి: "వారికి చెవి యున్నది, నోరున్నది, బుద్ధి యున్నది. నడుమ దారి చెడినది." ఆ ఒక్క మాట నన్ను ఈ విషయమునకు ఈడ్చుకొని వచ్చినది.

ఈ దారి సంగతి నేటిది కాదు. 1861లో పారిస్ నగరమున బ్రోకా అను వైద్యుడు, మాటాడలేని రోగి మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందు భాగమున దెబ్బ తగిలినదని చూపెను. 1874లో జర్మనీ దేశపు కార్ల్ వెర్నికె, మాటను అర్థము చేసికొనుటకు చెవి ప్రక్కగా వేరొక భాగము కలదని చెప్పెను. అంతటితో ఆగక ఆయన ఒక ఊహ చేసెను. వినికిడి భాగము బాగుండి, పలుకు భాగమును బాగుండి, నడుమనున్న దారి మాత్రము తెగినచో ఏమగును? రోగి అర్థము చేసికొనును, మాటాడును, కాని విన్నదానిని సరిగా మరల పలుకలేడు. మా పెదతండ్రిగారి యవస్థ, వారు పుట్టుటకు ఎన్నో యేండ్ల ముందే ఇట్లు వ్రాయబడియున్నది. నడుమనున్న నాడీ తంతువుల కట్ట ఒక్కటియే కారణము గాదనియు, దాని చెంతనున్న మెదడు పొర దెబ్బతినుట గూడ కారణమనియు నేటి పరిశోధకులు చెప్పుచున్నారు. అయినను మూలమైన భావము నిలిచినది: మెదడునందు స్థానములెంత ముఖ్యమో, వాని నడుమ రాకపోకలు అంత ముఖ్యము.

ఇది మన కొలువువారికి తెలియని సంగతి కాదు. ఏ సెక్షన్ ఏ అంతస్తునందున్నదో చూపు పటము గోడకు వ్రేలాడుచుండును. ఆ పటము చూచి, ఫలానా ఫైలు ఈ పూట ఎక్కడ నున్నదో చెప్పగలవా రెవరైన కలరా? మెదడునందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవని 2009లో లెక్క తేలినది. ఇన్ని కణముల నడుమ నడచు వార్త జాడ తీయుట యెట్లు?

మొదటి మెట్టు, వార్త నడచుటకు కాలము పట్టునని తెలిసికొనుట. పందొమ్మిదవ శతాబ్ది నడుమవరకు నాడులలో వార్త పోవు వేగము కొలుచుటకు అలవికానిదని గొప్ప శాస్త్రజ్ఞులే తలచిరి. 1850లో హెల్మ్‌హోల్ట్స్ అను యువ శాస్త్రజ్ఞుడు కప్ప నాడిని తీసికొని, కండరమునకు దగ్గరగా ఒకమారును, దూరముగా ఒకమారును విద్యుత్తుతో తాకి, కండరము కదలుటలో వచ్చిన ఆలస్యపు భేదమును కొలిచెను. సెకనుకు సుమారు 27 మీటర్లని తేలినది. అనగా మనము ఊరికి పోవు ఎక్స్‌ప్రెస్ రైలు పరుగు! మానవ శరీరమునందలి అతి త్వరితమైన నాడులలో ఈ వేగము సెకనుకు 100 మీటర్లు దాటును. ఎంత త్వరితమైనను అది కాలములో నడచునదే. కాలములో నడచునది గనుక ముందు, వెనుక అనునవి యుండును. ముందు వెనుకలున్నచో దిశను కనుగొనుటకు ఆశ కలదు. నేను చెప్పబోవున దంతయు ఈ యొక్క సంగతిపై నిలిచియున్నది.

రెండవ మెట్టు, ఆ వార్తల సందడిని వినుట. 1875లో ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరపు వైద్యుడు రిచర్డ్ కేటన్, కుందేళ్ల మెదళ్లపైనను కోతుల మెదళ్లపైనను విద్యుత్తు ఆడుచుండుట కనుగొనెను. మానవునియందు దానిని మొదట వ్రాసి చూపినవాడు జర్మనీలోని యేనా నగరపు హాన్స్ బెర్గర్. ఆయన కథ మిక్కిలి చిత్రమైనది. 1893లో సైనిక శిక్షణ పొందుచుండగా ఆయన గుఱ్ఱముపైనుండి ఫిరంగి బండి దారిలో పడి, వెంట్రుకవాసిలో ప్రాణము దక్కించుకొనెను. ఆనాడే దూరముననున్న ఆయన అక్కకు తమ్మునికేదో కీడు జరిగినదను భయము కలిగి, తండ్రిచేత తంతి యిప్పించెను. తన భయమే ఆకాశమార్గమున అక్కకు చేరినదని బెర్గర్ నమ్మెను. ఆ శక్తిని కొలువవలెనని ముప్పది యేండ్లు శ్రమించెను. 1924లో మానవ మెదడు విద్యుత్తును తొలిసారిగా నమోదు చేసి, 1929లో ప్రకటించెను. కన్నులు మూసికొని నిమ్మళముగా నున్నప్పుడు సెకనుకు పదిమారులంత లేచి పడు అలలు కనబడినవి. ఆయన వెదకిన మనశ్శక్తి మాత్రము దొరకలేదు. ఆ విద్యుత్తు వోల్టులో లక్షవ వంతుల లెక్కలోనిది, తలకు అంటించిన తీగలకే కష్టముమీద అందును. ఒక తలనుండి మరియొక తలకు వార్త పోవుటను వెదకిన ఆయన, ఒకే తలలోని వార్తలను వినుటకు సాధనము నిచ్చిపోయెను. నేడు వైద్యశాలలలో ఇ.ఇ.జి. అని పిలుచునది అదియే.

మూడవ మెట్టు, వార్త యనగా నేమో నిర్వచించుట. విద్యుత్తు కొలుచుట వేరు, వార్త కొలుచుట వేరు. తంతి తీగలో ఎంత కరెంటు పోయినదో చెప్పినచో, అందులో శుభవార్త వచ్చినదో అశుభవార్త వచ్చినదో తెలియదు గదా! 1948లో అమెరికాలో బెల్ ప్రయోగశాలయందలి క్లాడ్ షానన్ ఈ చిక్కు విప్పెను. వార్త యనగా అనిశ్చితి తగ్గుట, అని ఆయన భావము. ముందే తెలిసినదానిని చెప్పినచో అది వార్త గాదు. రేపు తూర్పున సూర్యుడుదయించునని తంతి వచ్చినచో దాని విలువ సున్న. నాణెము ఎగురవేసి బొమ్మయో బొరుసో చెప్పినచో అది ఒక బిట్టు. ఒక ఫైలు ఎనిమిది సెక్షన్లలో దేనిలోనో సమాన సంభావ్యతతో నున్నదనుకొందము. అవునా, కాదా యను ప్రశ్నలు మూడు తెలివిగా వేసినచో అది దొరకును. కావున ఆ ఫైలు చోటు చెప్పు వార్త మూడు బిట్లు. ఇంత సులభముగా చెప్పదగిన భావము ఆనాటివరకు పూర్తి గణిత రూపము దాల్చకపోవుట నాకు ఆశ్చర్యము.

ఇచ్చట మన తెలుగువారినొకరిని స్మరింపక పోరాదు. హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తా చేరిన సి.ఆర్. రావుగారు 1945లో, పాతికేండ్ల ప్రాయమున, ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. మనము చేసిన పరిశీలనలలో ఎంత సమాచారమున్నదో అంతవరకే మన అంచనాకు ఖచ్చితత్వముండును, ఆ హద్దును ఎంతటి తెలివియు దాటలేదు. క్రామర్ పేరును రావుగారి పేరును కలిపి దానిని పిలుతురు. ఒక నాడీకణ సమూహము, కంటికి కనబడిన వస్తువు ఏ దిక్కునకు కదలుచున్నదో ఎంత సూక్ష్మముగా చెప్పగలదని లెక్కించువారు నేడును ఆ హద్దునే ఆధారము చేసికొందురు. రావుగారు 2023లో, నూటరెండేండ్ల వయస్సున దివంగతులైరి.

ఇక అసలు కొలతకు వచ్చెదను. 1995లో అమెరికాలోని విస్కాన్సిన్ వైద్య కళాశాలయందు పరిశోధన చేయుచుండిన భరత్ బిస్వాల్, మనుష్యులను కదలక మెదలక పరుండబెట్టి, అయస్కాంత యంత్రముతో మెదడులోని రక్తపు మార్పులను చూచెను. ఏ పనియు చేయకున్నను, కుడిచేతిని నడుపు భాగమును ఎడమచేతిని నడుపు భాగమును కలిసి హెచ్చి తగ్గుచుండెను. మొదట కొందరు ఇది యంత్రపు చప్పుడని కొట్టివేసిరి. నేడు ఆ పద్ధతిపై ఒక శాస్త్ర శాఖయే వర్ధిల్లుచున్నది.

కాని కలిసి హెచ్చి తగ్గుట రాకపోకయేనా? మన భవనమునే చూడుడు. మొదటి అంతస్తులో ఒక ఆఫీసరును, నాలుగవ అంతస్తులో మరియొకరును ప్రతిదినము ఒంటిగంటకే కుర్చీలు విడిచి లేతురు. వారి నడుమ గాఢమైన ఉత్తరప్రత్యుత్తరములు జరుగుచున్నవని ఎవడైన వ్రాసినచో నవ్వుదుము. అది ఫైలు పని గాదు, భోజనపు వేళ! ఇద్దరి నడుమ పోలికయున్నదని మాత్రమే ఈ కొలత చెప్పును. ఎవరు పంపిరి, ఎవరు అందుకొనిరి యనునది చెప్పదు.

దిశను పట్టుకొను ఉపాయమును 1956లో నార్బర్ట్ వీనర్ అను గణితజ్ఞుడు సూచించెను. దానిని లెక్కగా మలచినవాడు మెదడును తాకని అర్థశాస్త్రజ్ఞుడు, క్లైవ్ గ్రేంజర్. ఆయన వ్యాసము 1969లో వెలువడెను. 2003లో నోబెల్ బహుమానము లభించెను. ఆ యుపాయము ఉల్లిపాయల ధరతో చెప్పెదను. ఆజాద్‌పూర్ మండీలో రేపటి ధర ఊహింపవలెననుకొనుడు. అక్కడి గత నెల ధరలన్నియు మీ యెదుటనున్నవి. వానితో ఒక అంచనా వేయుడు. ఇప్పుడు నాసిక్ జిల్లా లాసల్‌గావ్ బజారు ధరలను గూడ చేర్చి మరల అంచనా వేయుడు. రెండవ అంచనా మొదటిదానికంటె మేలైనచో, లాసల్‌గావ్ గతములో ఆజాద్‌పూర్ భవిష్యత్తును గూర్చిన వార్త కలదన్నమాట. తిరుగవేసి చూడుడు: ఆజాద్‌పూర్ ధరలు చేర్చినందున లాసల్‌గావ్ అంచనా బాగుపడకున్నచో, వార్త ఒకే దిశను నడచుచున్నది.

ఇందులో గమనింపవలసినది "తన గతము తెలిసిన పిమ్మట గూడ" అను మాట. తన గతమే చెప్పగలిగినదానిని ఇతరులవలన వచ్చిన వార్తగా లెక్కింపరాదు. 2000లో జర్మనీ శాస్త్రజ్ఞుడు థామస్ ష్రైబర్ ఈ భావమును షానన్ బిట్లలోనికి మార్చెను. ఒక భాగము యొక్క గతమంతయు తెలిసిన తరువాత దాని మరుక్షణమును గూర్చి కొంత అనిశ్చితి మిగులును. రెండవ భాగము యొక్క గతము ఆ మిగిలిన అనిశ్చితిని ఎన్ని బిట్లు తగ్గించును? ఆ సంఖ్యకు ఆయన ట్రాన్స్‌ఫర్ ఎంట్రొపీ యని పేరు పెట్టెను. అంకెలు గంట ఆకారమున పరచుకొను చోట గ్రేంజర్ లెక్కయు ష్రైబర్ లెక్కయు, ఒక గుణకము తప్ప, ఒకటియేయని 2009లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయమువారు నిరూపించిరి. అర్థశాస్త్రపు దారిని వచ్చినదియు, తంతి శాస్త్రపు దారిని వచ్చినదియు ఒకే గుమ్మమున కలిసినవి.

ఇంతటితో చిక్కు తీరినదనుకొనరాదు. ఈ లెక్కకు మూడు గండములు కలవు.

మొదటిది, కనబడని మూడవవాడు. హైదరాబాదులోని మలక్‌పేట బజారులో ఉల్లి ధర సోమవారమును, ఆజాద్‌పూర్‌లో మంగళవారమును పెరిగినదనుకొనుడు. లాసల్‌గావ్ సంగతి తెలియని లెక్కల గుమాస్తా, హైదరాబాదు ఢిల్లీకి ధర పంపినదని వ్రాయును. రెండింటికిని ధర పంపినది నాసిక్ వాన. మెదడులో కొన్ని చోట్లనే తీగలుంచి, కొలువని భాగములను మరచినచో ఇదే తప్పు జరుగును.

రెండవది, సాధనపు దోషము. పుఱ్ఱెపై అంటించిన ఒక్కొక్క తీగ అనేక భాగముల చప్పుడును కలగాపులగముగా వినును, ప్రక్క గదిలోని సభను గోడకు చెవి ఆనించి విన్నట్లు. అయస్కాంత యంత్రము చోటును బాగుగా చూపునుగాని, అది చూచునది నాడుల విద్యుత్తును గాదు, వాని వెనుక వచ్చు రక్తమును. ఆ రక్తపు అల శిఖరమునకు చేరుటకు అయిదారు సెకనులు పట్టును. ఒక భాగములో అది త్వరగాను, మరియొక భాగములో ఆలస్యముగాను రావచ్చును. అప్పుడు వెనుక పలికినవాడు ముందు పలికినట్లు కనబడును. డైరీ నంబరు ఆలస్యముగా వేసినచో ముందు వచ్చిన ఉత్తరము వెనుకబడదా?

మూడవది, మన యాశ. వేలకొలది చోట్ల వెదకినచో ఎక్కడనో ఒకచోట యాదృచ్ఛికముగ ఏదో కనబడును. 2009లో అమెరికా పరిశోధకులు కొందరు చచ్చిన చేపనొకదానిని యంత్రములో పెట్టి, దానికి మనుష్యుల బొమ్మలు చూపి, వారి మనోభావమేమని యడిగిరి! జాగ్రత్త లేని లెక్క ప్రకారము ఆ చేప మెదడు కొంతచోట పనిచేసినట్లు తేలినది. సరియైన దిద్దుబాటు చేయగానే ఆ వెలుగు మాయమైనది. ఈ పరిహాసమునకు వారికి 2012లో ఇగ్‌నోబెల్ బహుమానము దక్కినది, కాని పాఠము పరిహాసము గాదు. అందువలన మంచి పరిశోధకులు ఒక భాగపు అంకెల వరుసను బుద్ధిపూర్వకముగ చిందరవందర చేసి, మరల మరల లెక్క కట్టుదురు. చిందరవందర చేసిన దానిలోను అంతే ప్రవాహము కనబడినచో, మొదట కనబడినది ప్రవాహము గాదని ఒప్పుకొందురు.

అయినచో నిశ్చయమునకు దారి లేదా? కలదు. చూచుచు కూర్చుండక, ఒకచోట తట్టి, ఎక్కడ మ్రోగునో వినవలెను. హెల్మ్‌హోల్ట్స్ కప్పను తాకినదియు ఇట్లే గదా!

దీనికి చక్కని నిదర్శనము ఒక మిల్లీమీటరు పొడవు గల పురుగు. దాని శరీరమున నాడీకణములు 302 మాత్రమే. ఏ కణము దేనిని తాకుచున్నదో చూపు సంపూర్ణ పటమును 1986లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పటమున్నది గనుక రాకపోకలు తెలిసినట్లేనని తోచును. 2023లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు ఆ పురుగు తలయందలి కణములను ఒక్కొక్కదానిని కాంతితో తట్టి, మిగిలిన కణములలో ఏవి పలుకునో చూచిరి. ఫలితము పటముతో చాలచోట్ల సరిపోలేదు. తీగ లేని చోటికి గూడ రసాయన రూపమున వార్త పోవుచుండెను. 302 కణముల కార్యాలయమునందే పటము వేరు, ఫైలు నడక వేరు. 2024లో పండ్ల ఈగ మెదడు పటము పూర్తియైనది, 1,39,255 కణములు. అది గొప్ప కార్యమే. దానియందు నడచు వార్తల లెక్క ఇంకను ముందున్నది.

మానవుని తట్టుట యెట్లు? 2005లో మార్సెల్లో మాసిమిని యను ఇటలీ దేశస్థుడును ఆయన సహచరులును, పుఱ్ఱెపైనుంచిన అయస్కాంతపు చుట్టతో మెదడులో ఒకచోట లోపలికి చిన్న తట్టు తట్టి, తలయంతట ఇ.ఇ.జి. తీసిరి. మెలకువలో ఆ తట్టు దూర భాగములకు ప్రాకి, రూపములు మార్చుకొనుచు, సెకనులో మూడవ వంతు దాక మ్రోగెను. కలలు లేని గాఢనిద్రలో తట్టినచోటనే గట్టిగా మ్రోగి వెంటనే అణగిపోయెను. కణములు బ్రతికియే యున్నవి, పలుకుచునే యున్నవి. కాని పొరుగువారితో మాటలు నిలిచినవి. 2013లో ఆ మ్రోత యొక్క చిక్కదనమును సున్నకును ఒకటికిని నడుమ ఒక సంఖ్యగా లెక్కించిరి. 2016లో, 0.31 దాటినచో చైతన్యమున్నదని హద్దు నిర్ణయించిరి. మత్తులో నున్నను లేచియున్నను తమ అనుభవమును తరువాత చెప్పగలిగిన మనుష్యులపై పరీక్షించి నిలిపిన హద్దు అది.

మత్తుమందుల విషయమున గూడ ఒక మాట. ప్రొపొఫాల్, సెవోఫ్లూరేన్, కెటమిన్ అను మూడు మందులు మూడు విధముల పనిచేయును. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయమువారు శస్త్రచికిత్సకు వచ్చినవారి ఇ.ఇ.జి.లను ట్రాన్స్‌ఫర్ ఎంట్రొపీతో లెక్కింపగా, మూడింటను ఒక సామాన్య లక్షణము కనబడినది. నుదుటి భాగమునుండి నడినెత్తి వెనుక భాగమునకు పోవు ప్రవాహము తగ్గినది. ఇంద్రియములనుండి వచ్చునది క్రిందనుండి పైకి వచ్చు టపా యైనచో, నుదుటినుండి వెనుకకు మరలునది దానిపై వచ్చు ఉత్తరువు వంటిది. టపా వచ్చుట నిలువలేదు, ఉత్తరువు మరలుట నిలిచినది. పైన చెప్పిన గండములు దీనికిని కలవు. గోడకు చెవి ఆనించి విన్న సంగతియే యిదియు. కాని మూడు వేర్వేరు మందులలో ఒకే గుర్తు వచ్చుట ఆలోచింపదగినది.

సోదరులారా, ఈ లెక్కలన్నియు ఎందులకని మీరడుగవచ్చును. తలకు దెబ్బ తగిలి, కన్నులు తెరచియు పలుకక, పిలిచినను కదలక, నెలల తరబడి మంచముపై నున్నవారిని మీలో కొందరు చూచియుందురు. మనము వారి మంచము ప్రక్కనే నిలిచి, వారు లేనట్లే మాటలాడుదుము. 2006లో ఇంగ్లండులో అట్టి యువతి నొకతెను యంత్రములో నుంచి, టెన్నిసు ఆడుచున్నట్లు ఊహింపుమని ఏడ్రియన్ ఓవెన్ బృందమువారు చెప్పిరి. ఆరోగ్యవంతులు అట్లు ఊహించినప్పుడు ఏ భాగము పలుకునో, ఆమె మెదడులో ఆ భాగమే పలికినది. 2024లో పలుదేశముల వైద్యశాలల ఫలితములు వెలువడినవి. ఆజ్ఞకు శరీరముతో బదులీయలేని 241 మందిలో 60 మంది, అనగా నలుగురిలో ఒకరు, మెదడుతో బదులిచ్చిరి. ఇవి ప్రవాహమును కొలిచిన పరీక్షలు కావు, ఆజ్ఞకు బదులు వెదకిన పరీక్షలు. ఆజ్ఞను విని పాటించు ఓపిక గూడ లేనివారి సంగతి యేమి? వారికి తట్టి వినుటయే దారి. అందుచేతనే ఆ 0.31 అను సంఖ్య ఒక మనుష్యుని జీవితమునకు సంబంధించిన సంఖ్య.

కాని సంఖ్యకు దాసులము కారాదు. హద్దునకు పైన వచ్చినచో లోపల నొకరున్నారని చెప్పుటకు బలమైన ఆధారము. క్రింద వచ్చినచో లేరని తీర్పు చెప్పుటకు అదే బలము చాలదు. జవాబు రాని ఉత్తరము చేరలేదో, చేరినను వ్రాయుటకు చేయి లేదో, మనకు తెలియదు. కార్యాలయమున బదులు రాని ఉత్తరమునకు మనము జ్ఞాపిక పంపుదుము. మనుష్యునికి గూడ అంతమాత్రపు మర్యాద చూపవలదా?

మా పెదతండ్రిగారు ఆ తరువాత నాలుగేండ్లు జీవించిరి. దారి చెడినదని తెలిసిన దినమునుండి మేము వారిని "మరల పలుకుడు" అని బాధింపలేదు. అవునా కాదా యని అడుగ నేర్చుకొంటిమి. మరుసటి యేటి తద్దినమున మా చిన్నాన్నగారు ప్రక్కన కూర్చుండి సంకల్పము పైకి పలికిరి, పెదతండ్రిగారు నీరు విడిచిరి. పురోహితుడు సంవత్సరము పేరు చెప్పవలసివచ్చినప్పుడు ఒక క్షణమాగి వారి మొగము చూచెను. వారు తల పంకించిరి. అప్పుడాయన ముందుకు సాగెను.